సింఫనీ శ్రవణం: పరదేశంలో సంగీత విద్యార్థి

పాశ్చాత్య సంగీతం అభ్యసించడానికి సముద్రం దాటి వెళ్ళే విద్యార్థికి కళాశాలలో దొరికేది సగం విద్య. తక్కిన సగం, కొందరి విషయంలో సగం కంటె ఎక్కువ, సాయంకాలాలలో వాద్యబృందాలు వాయించే మందిరాలలో, అన్నిటికంటె చవక అయిన చోట నిలుచుండి విన్న వినికిడి వలన వస్తుంది. ఈ మాటలో తెలుగువారికి వింత లేదు. విని నేర్వడం మన సంగీత విద్యకు పునాది. అయితే వినవలసిన వస్తువు మారినప్పుడు వినే పద్ధతి కూడా మారవలసి ఉంటుందనీ, ఆ మార్పు సులభంగా రాదనీ, వచ్చిన తరువాత దానిని చెప్పడానికి తెలుగులో మాటలు ఇంకా కుదురుకోలేదనీ గుర్తించిన విమర్శ అరుదు.

దూరం ఎంతటిదో తెలియడానికి ఒక ఊరిని తీసుకోవచ్చును. రాయ్‌పూర్‌లోని మోవా పేట నుంచి బయలుదేరే ఒక తెలుగు విద్యార్థిని ఊహించవచ్చును. రాయ్‌పూర్‌కు విజయనగరంతో 1931 నుంచి రైలుమార్గం ఉన్నది. ఆ మార్గానికి ఒక కొసను మహారాజావారి సంగీత కళాశాల ఉన్నది. 1919లో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షతను మొదలై, ద్వారం వెంకటస్వామినాయుడు ఫిడేలు పాఠం చెప్పిన చోటు అది. ఇవతలి కొసకు సమీపంలో ఖైరాగఢ్‌లో 1956లో ఏర్పడిన ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం ఉన్నది. ఈ రెండు కొసల నడుమ పెరిగిన చెవికి రాగానికి గాని తాళానికి గాని గమకానికి గాని లోటు లేదు. కాని డెబ్బది ఎనభై మంది వాద్యకారులు ఒకచోట కూర్చుండి వాయించే సింఫనీని ఎదుట విందామంటే ఆ పరిసరాలలో ఎక్కడా దొరకదు. ముంబయిలో 2006లో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా స్థాపితమైనది. దానిని వినాలంటే హౌరా నుంచి ముంబయికి పోయే బండి ఎక్కవలసినదే. వియన్నా, లండన్, పారిస్ నగరాలలో పుట్టిన బిడ్డ పదేళ్ళకే విన్నదానిని ఈ విద్యార్థి ఇరవయ్యో ఏట మొదటిసారి వింటాడు. ఆ ఆలస్యమే అతనికి కష్టం. ఒక విధంగా అదే అతని భాగ్యం కూడాను. అలవాటు చేత మొద్దుబారని చెవి అతనిది.

ఈ పరిచయం మనకు రెండు వందల ఏళ్ళ కంటె పాతదే కదా, ఇందులో కొత్త ఏమున్నది అని ఎవరైనా అడగవచ్చును. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలస్వామి దీక్షితులు (1786–1858) మణలిలో ఉండగా మద్రాసు కోటలోని ఐరోపా వాద్యకారుల మేళం విన్నాడు, వారి ఫిడేలు నేర్చినాడు. దక్షిణాది కచేరీలో ఫిడేలు నిలదొక్కుకోవడానికి అది ఒక ముఖ్యకారణం. ముత్తుస్వామి దీక్షితులు ఆ మేళంవారి మెట్లకు సంస్కృతంలో సాహిత్యం కూర్చినాడు. నోటుస్వర సాహిత్యాలని పేరు పొందిన ఆ చిన్న రచనలు సుమారు నలభై. బ్రిటిషువారి జాతీయగీతపు మెట్టు సైతం అందులో చేరినది. అవన్నీ శంకరాభరణ స్వరాలలోనే నడుస్తాయి. ఈ కథను మనవారి ఔదార్యానికి తార్కాణంగా చెప్పడం పరిపాటి. అది నిజమే. కాని విమర్శకుడు గమనించవలసినది ఇంకొకటి ఉన్నది. దీక్షితులు పుచ్చుకొన్నది మెట్టును. ఆ మెట్టు అడుగున ఇతర వాద్యాలు పలికే స్వరాల పొందికను ఆయన పుచ్చుకోలేదు. అది ఆయన సంగీతానికి అక్కరలేదు, కాబట్టి వదిలినాడు. బాలస్వామి పుచ్చుకొన్నది వాద్యాన్ని, కమానును. నూరేళ్ళు దాటిన తరువాత ద్వారంవారు పాశ్చాత్య ఫిడేలు వాదనను శ్రద్ధగా పరికించి తమ కమానుకు నిండుదనం తెచ్చుకొన్నారు. 1952లో యెహూది మెనూహిన్ మద్రాసులో వారి వాదన విని మెచ్చుకొన్నాడు. ఇక్కడ కూడ బేరం ఒక వాద్యానికీ ఒక వాద్యానికీ నడుమ జరిగినదే. అనేక వాద్యాలు ఒకేసారి వేరువేరు మాటలు పలుకుతూ ఒక్క వాక్యం చెప్పడం అనే ప్రక్రియ మన చెవి గుమ్మం దగ్గరనే ఆగిపోయినది.

ఆకాశవాణి 1952లో ఢిల్లీలో ఏర్పరచిన వాద్యబృందం ఈ లోటు తీర్చడానికి చేసిన ప్రయత్నాలలో పెద్దది. రవిశంకర్, టి.కె. జయరామయ్యర్ దానిని నడిపినారు. తరువాత మన ఈమని శంకరశాస్త్రిగారు దానికి రచనలు చేసినారు. అందులో మంచి రచనలు లేకపోలేదు. ఐనా అధికభాగం అనేక వాద్యాలు ఒకే రాగసంచారాన్ని కలిసి పలకడమో, వంతులవారీగా పలకడమో అయినది. రాగాన్ని చెడగొట్టకుండా అంతకు మించి పోవడం ఎట్లాగన్నది ఇప్పటికీ తేలని ప్రశ్న. ఇక మద్రాసు చలనచిత్రాల పాటలలో వయొలిన్ల గుంపును తెలుగువాడు దినమూ విన్నాడు గాని, పాట వెనుక నడిచే ఆ గుంపు మీద ఎవరి దృష్టి నిలిచినది?

ఇంత నేపథ్యంతో మొదటిసారి మందిరంలో అడుగుపెట్టిన విద్యార్థి చెవికి మొట్టమొదట తగిలేది ఒక లేమి. తంబూర లేదు. వాయించబోయే ముందు ఒబో అనే వాద్యం ఒక స్వరం పలుకుతుంది. సెకనుకు 440 కంపనాలు, కొన్ని నగరాలలో మరికొంచెం హెచ్చు. అందరూ దానికి తమ వాద్యాలు సరిచూసుకొంటారు. కచేరీ ఆరంభం కాబోతున్నదని అతనికి సంతోషం కలుగుతుంది. ఇంతలో ఆ స్వరం ఆగిపోతుంది. శ్రుతి ఆగిపోయిన తరువాత సంగీతం మొదలు కావడం అతని అనుభవంలో లేదు. కాలు కింద నేల లాగివేసినట్లు ఉంటుంది.

ఆ రాత్రి వాయించేది బ్రామ్స్ ఒకటవ సింఫనీ అనుకొన్నట్లయితే అతనికి వెంటనే ఒక ఊరట దొరుకుతుంది. ఆ ఊరట మోసకారిది. 1876 నవంబరు 4న కార్ల్స్‌రూహెలో మొదట వినిపించిన ఈ కృతిలో ప్రారంభపు ఎనిమిది ఆవర్తాలలో టింపనీ నగారాలు, అడుగు స్థాయి వాద్యాలు ఒక్క స్వరాన్నే విడవకుండా మోదుతాయి. ఆ స్వరం కృతికి షడ్జం. దాని మీద తంతివాద్యాలు కొన్ని అరమెట్లుగా పైకి ఎగబాకుతూ ఉంటే, ఊదుడు వాద్యాలు ఎదురుగా కిందికి దిగుతూ ఉంటాయి. విద్యార్థి ఆ నగారా షడ్జాన్ని పట్టుకొని ఇదిగో శ్రుతి అనుకొంటాడు. ఎనిమిది ఆవర్తాలు కాగానే ఆ మోత తెగిపోతుంది. తంబూర పలికే షడ్జం గాయకుడు కూర్చున్న చాప వంటిది. దానిని ఎవరూ విడిగా వినరు, అది లేకపోతే ఎవరూ పాడరు. ఈ నగారా షడ్జమో, తలుపు మీద గుద్దు వంటిది. అది ఆసనం కాదు, సంఘటన.

తరువాత జరిగేది ఇంకా విచిత్రం. మొదటి భాగం ఒక షడ్జం మీద నిలిచినది. రెండవ భాగం ఆ షడ్జానికి అంతరగాంధారమైన స్వరాన్ని తన షడ్జంగా చేసుకొంటుంది. మూడవది శుద్ధధైవతాన్ని షడ్జం చేసుకొంటుంది. నాలుగవ భాగంలో తిరిగి మొదటి షడ్జానికి వస్తారు. ఇది కాక ఒక్కొక్క భాగం లోపల ఎన్నో చిన్న ప్రయాణాలు. మన సంగీతంలో గ్రహభేదం ఉన్నది. కాని అది పండితుడు క్షణకాలం చూపి మెప్పించి విరమించే చమత్కారం. అప్పుడు కూడ తంబూర తన చోటునుంచి కదలదు. ఇక్కడ కదిలేది తంబూరయే. సుమారు ముప్పావుగంట సేపు కృతి అంతా ఇల్లు విడిచిపోయి ఇల్లు చేరడమనే వ్యవహారం. ఇల్లు ఏదో జ్ఞాపకం ఉంచుకోవలసిన భారం శ్రోతది. కర్ణాటక కచేరీలో ఆ భారం తంబూర మోస్తుంది. పరదేశంలో మన విద్యార్థి నేర్వవలసిన మొదటి పాఠం ఈ భారం మోయడం. దీనిని ఏ ఉపాధ్యాయుడైనా నల్లబల్ల మీద పది నిమిషాలలో వివరించవచ్చును. చెవికి పట్టుబడడానికి మాత్రం ఏడాది పడుతుంది.

ఈ ఏడాదిలో అతనికి అడ్డు తగిలేది అజ్ఞానం కాదు, చేతిలో ఉన్న జ్ఞానమే. అతనికి రాగాల పేర్లు తెలుసును. ఒక చోట శంకరాభరణం, ఒక చోట కీరవాణి, మరొక చోట నఠభైరవి అని గుర్తు పట్టి తృప్తి పడతాడు. ఇంటికి వ్రాసే ఉత్తరంలో బ్రామ్స్ కీరవాణిలో వ్రాసినాడని తెలుపుతాడు. ఊరిపేరు తెలిసినంత మాత్రాన మనిషిని ఎరిగినట్లు కాదు. స్వరాల వరుస ఒకటే అయినంత మాత్రాన రాగం ఒకటి కాదని తెలుగునాట చిన్నపిల్లలకు కూడ చెప్పి నేర్పుతారు. ఆరోహణ అవరోహణలు సమానమైన రెండు రాగాలను గమకం చేత, జీవస్వరం చేత వేరు చేయగల చెవి, సింఫనీ దగ్గరకు వచ్చేసరికి ఆ సూక్ష్మతను ఎందుకు వదిలిపెట్టవలెను? అక్కడ జీవస్వరం స్థానంలో ఉన్నది స్వరాల పొందిక. ఒకే స్వరం కింద మరొక రెండు స్వరాలు మారినప్పుడు ఆ పై స్వరం అర్థం మారిపోతుంది. కదలని స్వరం మారినట్లు వినబడడం, ఇదే ఆ సంగీతపు గమకం అనవచ్చును. ఈ పోలికను కూడ ఎక్కువ దూరం లాగితే తెగుతుంది.

చేయి సంగతి ఒకటి ఉన్నది. తొడ మీద తాళం వేయడం మన శ్రోతకు భక్తితో సమానమైన అలవాటు. అక్కడ తాళం చూపేవాడు ఒక్కడే, అదీ వాద్యకారుల కొరకు. శ్రోతకు వీపు మాత్రమే కనబడుతుంది. సభ యావత్తూ కదలక మెదలక ఉంటుంది. భాగానికీ భాగానికీ నడుమ చప్పట్లు కూడ లేవు. చేయి బిగబట్టుకొన్న విద్యార్థి మనసులో లెక్క పెడుతూ ఉంటే ఆ లెక్క తప్పుతూ ఉంటుంది, ఎందుకంటే కాలప్రమాణమే సాగుతుంది, ముడుచుకొంటుంది. మన లయలో నడక స్థిరంగా ఉండి దాని మీద అల్లిక మారుతుంది. అక్కడ నడకయే భావానికి లొంగుతుంది. లెక్క విడిచిపెట్టి శ్వాసను అనుసరించడం తెలిసిన నాడు అతనికి ఆ వీపు కూడ మాట్లాడుతుంది.

ఇవన్నీ గ్రామఫోను వల్ల, నేటి చేతిఫోను వల్ల రావా? కొంత వస్తాయి. రాని దానికి ఒక ఉదాహరణ చాలును. ఈ బ్రామ్స్ సింఫనీలో మూడు ట్రాంబోన్లు ఉన్నవి. అవి మొదటి మూడు భాగాలలో ఒక్క స్వరం కూడ పలకవు. ఆ ముగ్గురు వాద్యకారులు అరగంట సేపు వాద్యం ఒడిలో పెట్టుకొని కూర్చుంటారు. యంత్రంలో వినే శ్రోతకు వారు లేరు. మందిరంలో నిలుచున్న విద్యార్థికి వారు కనబడుతూ ఉంటారు, వీరు ఎందుకు వచ్చినారన్న ప్రశ్న లోపల మెదలుతూ ఉంటుంది. చివరి భాగం ప్రవేశికలో తంతుల వణుకు మీదుగా కొమ్ము ఒక కొండపాట వంటి పిలుపు పలికిన తరువాత, వారు ముగ్గురూ వాద్యాలెత్తి అతి మెల్లగా ఒక ప్రార్థన వంటి పంక్తిని పలుకుతారు. అంతసేపు దాచి ఉంచినది ఇందుకా అని అతనికి తెలియడం ఒక విద్య. మౌనం కూడ రచనలో భాగమని చెప్పే వాక్యాలు పుస్తకాలలో బోలెడు. ఆ ముగ్గురిని చూస్తూ ముప్పావుగంట నిలుచున్నవాడికి ఆ వాక్యం అక్కరలేదు.

నిలుచుండడం అన్న మాట అలంకారంగా వాడినది కాదు. వియన్నాలో 1870 జనవరిలో తెరచిన మూజిక్‌ఫెరైన్ బంగారు మందిరంలో సుమారు 1,700 ఆసనాలు ఉంటే, వెనుక 300 మందికి నిలుచుండే చోటు ఉన్నది. లండనులో 1895లో హెన్రీ వుడ్ సంచాలకత్వాన ఆరంభమైన ప్రామెనేడ్ కచేరీలు, 1941లో క్వీన్స్ హాలు బాంబులకు కూలిన తరువాత ఆల్బర్ట్ హాలుకు మారినవి. అక్కడా వేదిక ముందరి నేల నిలుచుండి వినేవారిదే. విద్యార్థులకు ఈ చోట్లు వరం. భోజనం ఖర్చుకు కోత పెట్టకుండా వారానికి రెండు మూడు కచేరీలు వినవచ్చును. చేతిలో పసుపుపచ్చ అట్ట వేసిన చిన్న స్వరలిపి పుస్తకం ఉంటే చెవి తప్పిపోయిన చోట కన్ను చూపుతుంది. అయితే కన్ను పెత్తనం చేయడం మొదలుపెట్టగానే ఆ పుస్తకం మూసివేయడం మంచిది. కాగితం మీద రాబోయేది ముందుగా చూసినవాడికి ఆశ్చర్యం కలగదు.

ఈ శ్రవణవిద్యకు భారతీయులలో అందరూ ఎరిగిన నిదర్శనం జుబిన్ మెహతా. బొంబాయిలో 1935లో సింఫనీ వాద్యబృందం స్థాపించిన మెహ్లీ మెహతా కుమారుడు. 1954లో పద్దెనిమిదో ఏట వియన్నా చేరినాడు. ఇంటి నిండ సంగీతం ఉన్నవాడే. ఐనా కార్ల్ బోం సంచాలకత్వంలో వియన్నా ఫిల్‌హార్మోనిక్ వాయించిన ఇదే బ్రామ్స్ ఒకటవ సింఫనీ తన చెవికి కొత్త లోకం చూపినదని చెప్పుకొన్నాడు. హాన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర ఆయన పాఠం నడిచినది. మహామహులైన సంచాలకుల అభ్యాసాలకు మాత్రం విద్యార్థులను రానిచ్చేవారు కారు. అందుచేత మెహతా, ఆయన సహాధ్యాయి క్లాడియో అబాడో ఇద్దరూ మూజిక్‌ఫెరైన్ గాయకబృందంలో మంద్రగాత్రులుగా చేరినారు. పాటగాండ్రు కావడం వారి కోరిక కాదు. గాయకబృందం వాద్యబృందానికి వెనుక, సంచాలకునికి ఎదురుగా నిలుస్తుంది. కరాయన్ వంటివాడు చేయి ఎట్లా ఎత్తుతాడో, ఒక పంక్తిని ఎందుకు నాలుగుసార్లు తిరిగి వాయింపిస్తాడో అక్కడ నుంచి కనబడుతుంది.

ఈ ఉదంతం చదివిన తెలుగువాడికి గురువు వెనుక తంబూర పట్టుకొని కూర్చున్న శిష్యుడు జ్ఞాపకం రావలెను. కచేరీలో ఆ శిష్యుడు పాడడు, పాడినా ఎప్పుడో ఒక పంక్తి అందుకొంటాడు. కాని గురువు ఊపిరి ఎక్కడ పీల్చుతాడో, పక్కవాద్యంవాడికి కనుసన్న ఎప్పుడు చేస్తాడో, తప్పిన సంగతిని ఎట్లా సర్దుకొంటాడో సభలో ముందు వరుసవారికంటె అతనికే బాగా తెలుస్తుంది. వియన్నా గాయకబృందమూ, మన తంబూర చోటూ ఒకే రకపు విద్యాపీఠాలు. మన విద్యార్థి పరదేశంలో తన సంప్రదాయాన్ని పూర్తిగా ఇంటివద్ద విడిచి రానక్కరలేదు. విడవవలసినది రాగాన్ని వెదకే అలవాటు. తీసుకొని పోవలసినది వెనుక కూర్చుండి వినే వినయం.

ఇంతవరకు చెప్పినది చెవి సంగతి. విన్నదానిని మాటలలో పెట్టడం వేరొక పని, సాహిత్య పత్రికకు ఎక్కువ సంబంధించిన పని అదే. ఈ పనికి భారతీయ వాఙ్మయంలో ఒక మంచి మాదిరి రవీంద్రనాథుని జీవనస్మృతి (1912). 1878లో ఇంగ్లాండు వెళ్ళిన ఆ యువకుడు సంగీతం చదవడానికి పోలేదు, న్యాయశాస్త్రం కొరకు పోయినాడు. బ్రైటన్‌లో ఒక ప్రసిద్ధ గాయని పాడగా విన్నాడు. ఆమె గొంతుతో పక్షుల కూతలను అనుకరించడం ఆయనకు మొదట నవ్వు తెప్పించినది. ఆ నవ్వును ఆయన దాచలేదు. అలవాటు పడిన కొద్దీ అందులో ఏది తన హృదయానికి తగిలినదో, ఏది తగలలేదో విడివిడిగా వ్రాసినాడు. తిరిగివచ్చిన తరువాత 1881లో వాల్మీకి ప్రతిభలో విదేశీ మెట్లను కథానుగుణంగా వాడుకొన్నాడు. మొదటి నవ్వును ఒప్పుకొన్నవాడి మెప్పు నమ్మదగినది.

తెలుగులో ఇటువంటి రచనలు రావలసినంతగా రాలేదు. విదేశాలలో కచేరీకి పోయినవారి వర్ణనలలో దీపాలు, దుస్తులు, నిశ్శబ్దం, చప్పట్ల లెక్క ఉంటాయి. సంగీతం వచ్చేసరికి దివ్యము, అద్భుతము, వర్ణనాతీతము అనే మూడు మాటలతో తెర పడుతుంది. వర్ణనాతీతమన్న మాట చాలాసార్లు వర్ణించే శ్రమ తప్పించుకోవడమే. దీనికి భిన్నంగా ‘అంతా గోల’ అని తోసివేసేవారు ఉన్నారు. వారు కనీసం తమకు వినబడినది చెప్పినారు.

మాటల కరవు నిజంగా ఉన్నదని ఒప్పుకోవలసినదే. స్వరాల పొందికను ‘స్వరమేళనం’ అందామంటే మేళకర్త మనసులో మెదిలి అర్థం పక్కకు పోతుంది. ‘సంవాదం’ అందామంటే శాస్త్రంలో దానికి వేరే అర్థం స్థిరపడి ఉన్నది. ఒకదాని వెంట ఒకటి వచ్చే స్వరాల మైత్రికి ఆ మాట చెల్లుతుంది గాని, ఒకేసారి పలికే స్వరాలకు పూర్తిగా చెల్లదు. వాద్యబృందాన్ని నడిపేవాడిని కండక్టరు అంటే తెలుగు పాఠకుడు టిక్కెట్టు కొరకు జేబు తడుముకొంటాడు. సంచాలకుడన్నది మేలు. సింఫనీ, ఒబో, ట్రాంబోన్ వంటివి ఉన్నవి ఉన్నట్లు వాడుకొంటే నష్టం లేదు. ఫిడేలును ఫిడేలు అనే మన ఇంటిది చేసుకొన్నాము. ‘పొందిక’ అన్న అచ్చతెలుగు మాట ఈ ప్రయోజనానికి బాగా ఒదుగుతుంది. పారిభాషికం కాకపోవడమే దాని గుణం.

ఈ విషయంలో నిరాశ పడడానికి తెలుగుకు హక్కు లేదు. 1904లో ఎట్టయపురంలో అచ్చయిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు గ్రంథం. సుబ్బరామ దీక్షితులు అందులో కంపితమని, స్ఫురితమని, జారు అని గమకాలను వేరుపరచి ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుర్తు కల్పించి, ఆ గుర్తులతో వందల కీర్తనలను తెలుగు లిపిలో అచ్చు వేయించినాడు. అచ్చులో పట్టుబడదనుకొన్న వణుకును పట్టి చూపిన గ్రంథం అది. అంతకు పదేళ్ళ ముందే చిన్నస్వామి మొదలియారు త్యాగరాజ కీర్తనలను ఐరోపావారి స్వరలిపిలోకి ఎక్కించినాడు. సుబ్బరామ దీక్షితులను ఆ పనికి ప్రోత్సహించినవారిలో ఆయన ఒకడు. ఈ ఇద్దరూ చేసినది ఒక సంగీతాన్ని దానికి పరాయిదైన కాగితం మీదికి తేవడం. పరదేశంలో విద్యార్థి చేయవలసిన పని దానికి తిరగవేసినది, దానికంటె చిన్నది. విన్న రాత్రి గదికి పోయి, ఆ ట్రాంబోన్లు ఎప్పుడు మొదలుపెట్టినవో, అంతకు ముందు ఏ వాద్యం ఆగినదో, షడ్జం ఎక్కడ చేయి జారినదో, తిరిగి ఎక్కడ దొరికినదో రెండు పుటలు తెలుగులో వ్రాసిపెట్టుకోవడం. మోవాలో ఉన్న తమ్ముడు చదివి, ఆ కృతి తెప్పించుకొని విని, కాదు షడ్జం అంతకు ముందే జారినదని బదులు వ్రాయగలిగేటంత స్పష్టంగా వ్రాయడం.